బొంద చెయ్యి

కరీంనగర్,
9 జూన్ 2024, ఆదివారం

అత్తకు,

క్షేమమని మొదలుపెట్టను. అబద్ధమవుతుంది. నీకు చెవులు వినిపించవు కాబట్టి ఫోన్లో ఏడ్చే వీలు లేదు. అదీ మంచిదే, కాగితం మీద ఏడిస్తే పక్కగదికి వినిపించదు. పోయిన ఉత్తరం చూసి “పేపరు భాషల రాస్తదేంది గీ పోరి” అని నవ్వావట, మామ చెప్పాడు. నవ్వుకో. పదో తరగతి తప్పినదాన్ని. గుడ్ల అట్టల మధ్య మడిచి పెట్టిన పాత పేపర్లు చదివి నేర్చుకున్న భాష ఇది.

మానకొండూరు దారిలో లక్ష్మీరాజం సారు బాతుపిల్లల హేచరీలో నా పని నీకు తెలిసిందే. గుడ్లు మిషన్లో పెడితే ఇరవై ఎనిమిదో రోజుకు పిల్లలవుతాయి. చివరి మూడు నాలుగు రోజులు వాటిని ఉంచే గది నాది. రెండేళ్ల నుంచి నాదే. పెంకులో ఇరుక్కున్న పిల్లను ప్రాణంతో బయటికి తీయడం అక్కడ నాకొక్కదానికే వచ్చు. నీ దగ్గర చిన్నప్పుడు చూసి నేర్చుకున్నదే.

మే 29న పొద్దుగూకే వేళ గాలిదుమారం లేచి కరెంటు పోయింది. జనరేటర్ చూసుకోవాల్సింది సూపర్‌వైజర్ శ్రీహరి. వాడు జమ్మికుంటలో పెళ్లికి పోయాడు. జనరేటర్‌లో డీజిల్ చుక్క లేదు. తెల్లవారి ఆరింటికి నేను తలుపు తీస్తే మిషన్ పీనుగులాగ చల్లగా ఉంది. నాలుగు వందల గుడ్లు. పిల్లలు పెంకుకు బొక్క పెట్టుకొని, ముక్కు కొన బయటపెట్టి, అక్కడే ఆగిపోయాయి. గోరువెచ్చని నీళ్లు పెట్టుకొని నేల మీద కూర్చున్నాను. పదకొండింటిని బయటికి తీశాను. పది నా ఒళ్లోనే చచ్చిపోయాయి.

సరిగ్గా అప్పుడు శ్రీహరి ఓనరును వెంటబెట్టుకొని వచ్చాడు. పెళ్లి అత్తరు వాసన వాడి మీద ఇంకా పోలేదు. నా ఒడి చూశాడు. వాడికి దారి దొరికింది.

“సార్, మిషను మంచిగనే నడిచింది. గీమె తొందరపడి చెయ్యి పెట్టింది. గీమె చెయ్యి మంచిదిగాదు సార్.”

డీజిల్ సంగతి చెప్పాను. వాడు రిజిస్టరు తెచ్చి చూపించాడు. గంట గంటకూ మిషన్ వేడి ఎంతో, తేమ ఎంతో అందులో రాయాలి. చూడకుండా, వారానికి సరిపడా ఒకేసారి కూర్చొని రాస్తాడు వాడు. కానీ రాత ముత్యాలే. ఓనరు రిజిస్టరు చూశాడు, నా ఒడి చూశాడు. ఒడినే నమ్మాడు.

ఇప్పుడు పిల్లల గది గుమ్మానికి నిమ్మకాయలు, మిరపకాయలు కట్టారు. ఎవరి కోసమో అడక్కు. నేను ఆ గడప దాటకూడదు. నీళ్ల తట్టలు కడగాలి, చెడిన గుడ్లు మోసుకుపోయి షెడ్డు వెనక బొందలో పూడ్చాలి.

అత్తా, శ్రీహరిని నేను ఊరికే వదలను. ఇది రాసి పెట్టుకో.

మమత


బోథ్,
జూన్ 17

బిడ్డా మమతా,

నీ కాగితం శుక్రవారం అందింది. పోస్టాయన గేటుకాడ ఎంత మొత్తుకున్నడో, నాకు ఇనపడక పాయె. ఆఖరికి లోపటికొచ్చి నా ముందట పట్టిండు. పొరుగింటి మరాఠీ ఆమె, గామెను కాకు అంటం, పకపక నవ్వింది. నవ్వనీ.

నాకు రాసుడు మాట్లాడినట్టే వస్తది, నీ లెక్క రాదు. రాత్రి బడిల నేర్చుకున్న నాలుగు అక్షరాలు. తప్పులుంటే సదురుకో. ఈడ సోయా గింజ తెచ్చిపెట్టినం, వాన మాత్రం మొగులు జూపిచ్చి పోతుంది. మీ మామ రోజుకు పదిసార్లు ఆకిట్లకొచ్చి పైకి చూస్తుండు. ఆయన చూస్తే పడేదుంటే ఎప్పుడో పడుతుండె.

నీ సంగతంతా రెండుసార్లు చదివిన. కని ఒక్క మాట అడుగుత, కోపం తెచ్చుకోకు. నిజంగ నువ్వు తొందరపడలేదు గద? ఏడేండ్ల పిల్లగున్నప్పుడు నా కోడి కిందికెళ్లి బాతుగుడ్డు గుంజి, పెంకు ఒలిచినవు. బొడ్డుకాడ నెత్తురు కారి పిల్ల సచ్చింది. రెండు రోజులు అన్నం తినలే నువ్వు. గా తొందర నీ పానంల ఉన్నది, అందుకే అడుగుతున్న.

శ్రీహరి గూడ కూలిమనిషే. భయపడి అబద్ధమాడిండేమో. పొట్టకూటి మనిషి ఓనరు ముందట నిలవడితే నోట్లెకెళ్లి ఏదస్తదో ఆయనకే ఎరుకుండది. జర ఓపిక పట్టు. చెయ్యి మంచిదో చెడ్డదో నాలుగు దినాలైతే వాళ్లకే తెలుస్తది. కడుపు నిండ తిను. పచ్చజొన్నలు పంపుదామంటే మోసుకచ్చేటోళ్లు లేరు.

మీ మేనత్త,
సక్కుబాయి


కరీంనగర్,
25 జూన్ 2024

అత్తకు,

నీ ఉత్తరం చదివి నాలుగు రోజులు జవాబు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి.

తొందరపడ్డావా అని నువ్వూ అడిగావు. ఊరంతా అడిగితే ఊరుకున్నాను. ఏడేళ్ల వయసులో చేసింది పదహారేళ్లు దాచిపెట్టి, సరిగ్గా నేను కిందపడ్డప్పుడు తీసి చూపించావు. శ్రీహరి నిన్ను కలిస్తే సాక్షిగా తీసుకుపోయేవాడు.

తొందరపడలేదు. అవి అప్పటికే చలికి సగం చచ్చాయి. ఈ ముక్క మళ్లీ రాయను.

ఓపిక పట్టమన్నావు కదా, నాలుగు రోజులైతే ఏం తెలిసిందో విను. నాకు పేరు పెట్టారు. బొంద చెయ్యి. బొందలో గుడ్లు పూడుస్తాను కాబట్టి, నేను ముట్టింది బొందలోకే పోతుంది కాబట్టి. మొదట శ్రీహరి అన్నాడు, తర్వాత గుడ్లు దించే ఆటోవాళ్లు, ఇప్పుడు అందరూ. నేను అద్దెకుండే ఇంటి భూమవ్వ కూడా మా హేచరీలోనే ఊడుస్తుంది. పోయిన గురువారం ఆమె మేక ఈనుతుంటే నీళ్లందిద్దామని వెళ్లాను. గడప దగ్గరే ఆపింది. “నువ్వు జర బయట నిలవడు బిడ్డా, ఏమనుకోకు” అంది. ఏమనుకోకు అనేటోళ్ల మాటే ఎక్కువ కోస్తుంది. మేక రెండు పిల్లలను ఈనింది. నేను వీధిలో నిలబడి మేక అరుపులు విన్నాను.

శనివారం శ్రీహరి కొత్త గుడ్లు పెట్టాడు. మూడు వందలు. జూలై 20కి పిల్లలు దిగుతాయి. ఈసారి బాధ్యతంతా తనదేనని ఓనరుకు మాటిచ్చాడు.

నాకు ఒక సంగతి వివరంగా రాసి పంపు. ఇరవై ఐదో రోజు తర్వాత తడి లేకపోతే లోపలి పొర ఎట్లా ఎండుతుంది? ఎన్ని రోజులు ఎండితే పిల్ల తిరగలేకుండా అతుక్కుపోతుంది? నీకు తెలిసినంత ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎందుకని అడక్కు.

మమత


బోథ్,
జూలై 4

నా బంగారు కోడలా,

తప్పయింది. ముసలిదాని చేతికి కలమిస్తే గిట్లనే అయితది. అడగరాని మాట అడిగిన. చెంపలేసుకుంటున్న, నువ్వు ఆడనే చూసుకో.

ఎందుకని అడగొద్దన్నవు, నేను అడుగుత లేను. నాకు సమజయింది. నువ్వు సొంతంగ చిన్న మిషను పెట్టుకున్నవు. తెల్ల డబ్బల బల్బు పెట్టి గుడ్లు పిల్లలు చేస్తరట, మా ఊరి పిల్లలు ఫోన్ల చూపిచ్చిన్రు. వాడు చెయ్యి మంచిదిగాదంటే, నువ్వు పిల్లలను చేసి వాని మొఖం మీద కొట్టాలనుకుంటున్నవు. గట్లనే కొట్టు. మీ మామకు చెప్పిన, కాకుకు చెప్పిన. నీ మిషన్ల పెట్టడానికి గుడ్లిస్తమని ఇద్దరు ముగ్గురు ఇప్పుడే అంటున్నరు.

ఇగ విను. బాతు చెర్ల మునిగి, తడి రెక్కలతోని వచ్చి గుడ్ల మీద కూసుంటది. గా తడి గుడ్డు తాగుతది. కోడికి గా తెలివి లేదు, అది ఎండగనే కూసుంటది. అందుకే బాతుగుడ్లు కోడికింద పెడితే, ఇరవై ఐదో దినంకెళ్లి నేను చేతితోని నీళ్లు చిలకరిస్త. రెండు దినాలు తడి తప్పితే పొర తోలయితది. మూడు దినాలు తప్పితే పిల్లకు అంటుకుంటది. ముక్కు బయటికొస్తది గని మెడ తిరగదు. పిల్ల సుట్టు తిరుగుతనే పెంకు కోసుకుంటది, మెడ తిరగకుంటే ఎట్ల కోస్తది?

గట్ల పట్టుకుంటే ఎంటనే ఒలవకు. బొక్క పొడిచినంక ఒక దినమంతా పిల్ల ఊకే పండుకుంటది. గప్పుడు అది సొనను కడుపులకు గుంజుకుంటుంది, నెత్తురును నరాలకెళ్లి ఒంట్లకు తీసుకుంటుంది. నీకు సచ్చినట్టే కనవడ్తది. నాకు చెవులు లేవు గద, నేను గుడ్డును చెంపకు ఆనిచ్చుకుంట. లోపట టక్కు టక్కుమని పొడుస్తది, అది చెంపకు తెలుస్తది. పానముంటే ఆగు. పొర కాగితం లెక్క పసుపుపచ్చగ ఎండితెనే చెయ్యి పెట్టు. దూది గోరెచ్చని నీళ్లల్ల ముంచి పొరను నానవెట్టు. గుడ్డు లావు దిక్కు కొంచెం కొంచెం పెంకు తియ్యి. ఎర్ర నరం కనవడితే చెయ్యి ఎనుకకు తియ్యి, తడిబట్ట కప్పి రెండు గంటలాగు. ఆఖరి పెంకు ఎన్నడు నువ్వు తియ్యకు. పిల్లనే తన్నుకొని రావాలె. తన్నని పిల్ల నిలవడది.

ఈడ వాన పడ్డది. సోయా మొలిసింది. మీ మామ పైకి చూసుడు బందుపెట్టి కిందికి చూస్తుండు.

సక్కుబాయి


కరీంనగర్,
12 జూలై 2024

అత్తకు,

నా దగ్గర ఏ మిషనూ లేదు. నేను పెట్టానని నేనెప్పుడు చెప్పాను? మామకు చెప్పావు, కాకుకు చెప్పావు. వాళ్ల గుడ్లు వాళ్లనే ఉంచుకొమ్మను. బొంద చెయ్యి సంగతి కూడా చెప్పి ఉంటే గుడ్లిస్తామనే వాళ్లే కాదు.

ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను. నీళ్ల తట్టలు కడిగేది నేనే కదా. పిల్లల గది మిషన్‌కు తేమ ఇచ్చే తట్ట వెనకవైపు నుంచి బయటికి వస్తుంది, లోపలికి పోనక్కర్లేదు. ఆ తట్టలోకి నీళ్లు వచ్చే నల్లా గోడకు ఉంది. మంగళవారం, పదహారో తారీఖు పొద్దున గుడ్లను ఆ మిషన్‌లోకి మారుస్తారు. అదే పొద్దున నేను నల్లా ఆపుతాను. రెండు రోజులు తడి తప్పితే తోలవుతుంది, మూడు రోజులైతే అంటుకుంటుంది. నువ్వే రాశావు. పిల్లలను కాపాడడానికి నువ్వు రాసిన ఉత్తరాన్ని నేను తలకిందులుగా చదువుకున్నాను.

దొరికిపోతానని భయపడకు. మిషన్ ముందట పెద్ద అంకెలతో తేమ ఎంతో కనబడుతూనే ఉంటుంది. శ్రీహరి ఒక్కసారి అటు చూస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. వాడు చూడడు. చాయ్ తాగుకుంటూ రిజిస్టర్లో డెబ్బై ఐదు, డెబ్బై ఐదు అని రాసుకుంటాడు. 20న ఓనరు పిల్లలను కొనేవాళ్లను తీసుకొస్తున్నాడు. ఈసారి ఒడి నాది కాదు, వాడిది. చచ్చిన పిల్లలు వాడి ఒళ్లో ఉంటాయి.

పాపం అంటావు. అను. నలభై రోజులుగా మనుషులు నన్ను దాటి నడిచేటప్పుడు కొంగు పక్కకు లాక్కుంటున్నారు. అది ఎవరి పాపం?

మమత


బోథ్,
జూలై 18

మమతా,

నీ కాగితం ఇయ్యాల్ల అందింది. మంగళవారం పోయి రెండు దినాలయింది. ఏం రాయాలె నేను? నేను రాసిన కాగితంతోని నువ్వు గా పని చేస్తవని తెలిస్తే నా చెయ్యి ఇరుసుకునేదాన్ని.

మీ మామతోని ఫోన్ చేయిపిచ్చిన. ఎత్తలే. మూడుసార్లు చేయిపిచ్చిన. ఎత్తవు, నాకెరుకే.

శ్రీహరి నీకు అన్యాయం చేసిండు. ఒప్పుకుంటున్న. నాకు గూడ వాన్ని చెర్ల ముంచాలనే ఉన్నది. గని గుడ్లల్ల ఉన్నది శ్రీహరి కాదు. ముక్కు బయటికి పెట్టి ఊపిరి పీల్చేది శ్రీహరి కాదు. వాని నోరు ముయ్యడానికి గా ముక్కులు మూస్తవా? ఉల్టా చదువుకున్నవట. సిగ్గులేని మాట రాసినవు, మళ్ల గొప్పగ రాసినవు.

ఇంక ఆలిశం కాలేదు. నల్లా తిప్పు. పట్టుకున్నయి ఉంటే నేను రాసినట్టు నానవెట్టి తియ్యి. గడప దాటనియ్యకుంటే దాటు. కొడితే తిను. గీ కాగితం నీకు అందేసరికి అన్ని అయిపోయి ఉంటయి, నాకెరుకే. గయినా రాస్తున్న. రాయకుండ ఉంటే నేను గూడ నల్లా ఆపినట్టే.

సక్కుబాయి


కరీంనగర్,
21 జూలై 2024, ఆదివారం

అత్తకు,

నీ దగ్గరి నుంచి జవాబు రాలేదు. మామ ఫోన్ నేనే ఎత్తలేదు. ఎత్తితే ఆగిపోతానని భయమేసింది.

ఆపాను. మంగళవారం పొద్దున ఎనిమిదింటికి. బుధవారం పీర్ల పండుగకు ఊరంతా వీధిలో ఉంటే శ్రీహరి కూడా పోయాడు. గురువారం, శుక్రవారం అంతే. నాలుగు రోజులు వాడి ముక్కు ముందరే అంకె కిందికి దిగింది. వాడు చూడలేదు.

శనివారం పదింటికి నేను బొంద దగ్గర ఉంటే వచ్చాడు. మొహం పాలిపోయింది. ఆ మొహం కోసమే కదా నేను యాభై రోజులు బతికింది.

“మమతా, జర లోపటికి రా.”

“నేను గడప దాటద్దు గద. నిమ్మకాయలు కట్టిన్రు.”

“ఎక్కిరియ్యకు. పిల్లలు పెంకుల పట్టుకున్నయి. నాలుగింటికి సారు వాళ్లను తోలుకొని వస్తుండు. నీకు ఎరుకున్న పనే గద.”

“అందరి ముందట చెప్తవా, నా చెయ్యి మంచిదని?”

“నూరుసార్లు చెప్త. నువ్వు రా.”

జాలిపడి పోయానని అనుకోకు. వాడు నా ముందర గిన్నె పట్టుకొని నిలబడడం చూడాలని పోయాను. పోతూ పోతూ గోడ వెనక నల్లా తిప్పాను. అది కూడా వాడు చూడలేదు.

లోపలికి పోయాక చెబుతాను విను. తొంభై పిల్లలు వాటంతట అవే వచ్చాయి. మిగిలిన వాటిలో అరవై మొదటి నుంచే పిల్ల కట్టని గుడ్లు, నూటయాభై ముక్కులు బయటపెట్టి ఉన్నాయి. నీకు వినబడదు అత్తా. నువ్వు చెంపకు ఆనించుకుంటే ఒక్క గుడ్డు తెలుస్తుంది. నాకు నూటయాభై ఒక్కసారే వినిపించాయి. సన్నగా, దారం తెగినట్టు, ఆగి ఆగి. పొర ఎండి ముక్కుకు అంటుకుంది. నువ్వు రాసినట్టే. అచ్చం నువ్వు రాసినట్టే.

పది నుంచి నాలుగు దాకా లేవలేదు. దూది ముంచాను, నానబెట్టాను, లావు వైపు గోటితో తీశాను. ఎర్ర నరం కనబడిన చోట ఆగాను. శ్రీహరి నీళ్లు వేడిచేసి తెచ్చాడు, గిన్నె పట్టుకున్నాడు, “ఇగో”, “ఇగో” అంటూ తడిబట్టలు అందించాడు. భూమవ్వ పక్కన కూర్చొని బయటపడ్డ వాటిని బల్బు కిందికి చేర్చింది. ఎనభై ఎనిమిది బతికాయి. మిగిలినవి ఎప్పుడు ఆగాయో తెలియదు. గదిలో చప్పుడు తగ్గుతూ వచ్చింది. బతికి బయటికొచ్చినందుకు కొన్ని ఆగాయి, చచ్చి కొన్ని ఆగాయి. చెవికి రెండూ ఒకటే. చివరికి లెక్కపెడితే అరవై రెండు.

నాలుగింటికి ఓనరు వచ్చాడు, వెంట ముగ్గురు కొనేవాళ్లు. శ్రీహరి మాట నిలబెట్టుకున్నాడు.

“సార్, ఆ దినం నేనే తప్పు సమజయిన. మమత చెయ్యి బంగారం సార్. గీమె లేకుంటే ఇయ్యాల ఒక్క పిల్ల దక్కకపోవు.”

భూమవ్వ నా చెంపల మీద చేతులు తిప్పి మెటికలు విరిచింది. ఎవరో గుమ్మానికి కట్టిన నిమ్మకాయలు తెంపి అవతల పారేశారు. ఓనరు నన్ను మళ్లీ పిల్లల గదిలోకి రమ్మన్నాడు. నేను కోరిందంతా నా ముందర ఉంది అత్తా. పళ్లెంలో పెట్టినట్టు.

అప్పుడు ఓనరు అడిగాడు, అసలు ఎందుకిట్లయిందని. శ్రీహరి రెప్ప వేయకుండా చెప్పాడు. “పొద్దుగాల పైపు జామయింది సార్. చూడంగనే సాఫ్ చేసిన.”

అదే నోరు. అదే కళ్లు. నా చెయ్యి మంచిది కాదన్నదీ, బంగారమన్నదీ ఒకటే అబద్ధం, తిరగేసి కట్టుకున్న బట్టలాంటిది. డీజిల్ లేదన్న ఒక్క ముక్క ఈరోజుకూ వాడి నోట్లోంచి రాలేదు. నేను నోరు మూసుకుంటే నాకు పేరుంటుంది, పనుంటుంది. వాడికీ ఉంటుంది. రేపు వాడు చాయ్ తాగుకుంటూ మళ్లీ డెబ్బై ఐదు అని రాస్తాడు. అది నాకు మింగుడుపడలేదు. వాడిని పడగొట్టాలంటే నీళ్లు ఆగింది పొద్దున కాదు, నాలుగు రోజుల కిందట అని చెప్పాలి. ఆ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

“సార్, పైపు జాం కాలే. మంగళవారం ఎనిమిదింటికి నేనే నల్లా బంద్ చేసిన. ఇయ్యాల పదింటికి నేనే తిప్పిన. గీ నాలుగు దినాలు ఈయన రిజిస్టర్ల ఏం రాసిండో చూడుండ్రి. మే నెలల గూడ గిట్లనే రాసిండు.”

భూమవ్వ వైపు చూశాను. ఆమె లేచి నిలబడి, “పదింటికి నేను చూసిన సార్, మిషను మీద నలభై ఉండె” అంది. ఓనరు రిజిస్టరు తెరిచాడు. మంగళవారం డెబ్బై ఐదు. బుధవారం, పీర్ల నాడు, గంట గంటకూ డెబ్బై ఐదు. శనివారం ఎనిమిదింటికి, తొమ్మిదింటికి, పదింటికి డెబ్బై ఐదు. నేను చెప్పింది అబద్ధమేమోనని ఎవరూ అనలేదు. తన మెడకు తానే ఉరి తగిలించుకునే అబద్ధం ఎవరు ఆడతారు? ఓనరు అరవలేదు. ఇద్దరినీ గేటు బయటికి నడవమన్నాడు.

బయట రోడ్డు మీద శ్రీహరి నన్ను ఆపాడు.

“నువ్వు గూడ పోయినవ్ గదనే. ఏమొచ్చింది నీకు?”

“నువ్వు పోయినవ్.”

వాడు మానకొండూరు వైపు నడుచుకుంటూ పోయాడు. నాకు సంతోషంగా ఉందా అని అడిగితే, ఉంది. గంటసేపు ఉంది. తర్వాత చేతులు కడుక్కుంటే ఎండిన పొర ముక్కలు గోళ్లలోంచి రాలేదు. పుల్లతో తీయాల్సి వచ్చింది.

భూమవ్వ నెలాఖరుకు గది ఖాళీ చేయమంది. బొంద చెయ్యి అనే పేరు మళ్లీ నాదయింది. ఆ రోజు వాడు అంటే అబద్ధం. ఇప్పుడు ఎవరన్నా నేను కాదనలేను.

మమత


బోథ్,
జూలై 29

మమతా,

నేను పద్దెనిమిదిన రాసిన కాగితం నీకు అంది ఉంటది. దాంట్ల తిట్టినయన్ని ఉండనీ, ఒక్కటి గూడ వాపస్ తీసుకోను.

నీ కాగితం నాలుగుసార్లు చదివిన. మీ మామకు బయటికి చదివి వినిపిచ్చిన. శ్రీహరి గేటు బయట పడ్డడు అన్నకాడ నాకు నవ్వచ్చింది. ముసలి వయసుల, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్విన. ఎంటనే గా నవ్వు మీద నాకే కోపమచ్చింది. అరవై రెండు సచ్చిన కథల నవ్వే కాడ ఒకటి ఉన్నది, గది చూసి భయమైంది. నీ కోపం యాడికెళ్లి వచ్చిందో ఇప్పుడెరుకయింది. మా పుట్టింటి నెత్తురే.

నీ చెయ్యి మంచిదా చెడ్డదా నేను చెప్ప. ఎనభై ఎనిమిది గా చేతితోనే వచ్చినయి, అరవై రెండు గా చేతితోనే పోయినయి. చెయ్యికి ఏమెరుక? నల్లా తిప్పుమంటే తిప్పింది, పెంకు తియ్యిమంటే తీసింది.

గది ఖాళీ చెయ్యిమన్నరు గద, ఈడికి రా. నా కోడి తొమ్మిది బాతుగుడ్ల మీద కూసున్నది. ఆగస్టు పదిహేను అటిటు దిగుతయి. నువ్వు గంప పక్కకు పీట ఏసుకొని, చేతులు ఒళ్లె పెట్టుకొని కూసో. నీళ్లు నేను చిలకరిస్త. ఒక్కటన్న పట్టుకుంటే నాకు చెప్పు, నాకు ఇనవడదు గద, నువ్వు ఇని సైగ చెయ్యి. తియ్యాల్నా వద్దా నేను చూసుకుంట. నువ్వు ముట్టద్దు. ఎంత మొత్తుకున్నా ముట్టద్దు. గదే నీకు శిక్ష, నా దగ్గర ఇంతకంటే పెద్దది లేదు.

ఊళ్లె అందరికి చెప్పిన, రెండు సంగతులు చెప్పిన. వాడు నీకు చేసింది, నువ్వు గుడ్లకు చేసింది. దాసిపెట్టి నిన్ను ఇంట్ల పెట్టుకోను. కాకు నీకు గుడ్లియ్యదట. ఇయ్యకుంటే ఇయ్యకపాయె.

సక్కుబాయి


కరీంనగర్,
5 ఆగస్టు 2024

అత్తకు,

కార్డు ముక్కే దొరికింది. శనివారం పొద్దున బయలుదేరుతున్నాను. నిర్మల్‌లో బస్సు మారి సాయంత్రానికి చేరుతాను, మామను స్టాండుకు పంపకు, నడిచి వస్తాను. పీట వేసుకొని కూర్చుంటాను. ముట్టను.

ఒకటి ముందే చెబుతున్నా. ఆ అరవై రెండింటికి ఏడ్వమంటే ఏడుస్తాను, అడక్కపోయినా ఏడుస్తున్నాను. శ్రీహరికి మాత్రం ఏడ్వమనకు.

మమత